చిన్నపిల్లలకీ చక్కెర జబ్బా?

షుగరు జబ్బు అనగానే మనకి ఎవరు గుర్తొస్తారు? పొద్దున్నే కాన్వాసు బూట్లు తొడుక్కుని వాకింగుకి బయల్దేరే పక్కింటి మావయ్యగారు, పేరంటంలో స్వీటు పెట్టబోతే “నాకొద్దమ్మా” అని చెయ్యి అడ్డం పెట్టే పెద్దత్తయ్య... అంతేగాని పుస్తకాల సంచీ తగిలించుకుని బడికెళ్ళే ఎనిమిదేళ్ళ పిల్లాడు మాత్రం గుర్తుకు రాడు. అందుకే “మీ బాబుకి షుగరు వచ్చిందమ్మా, ఇక రోజూ ఇన్సులిన్ ఇవ్వాలి” అని డాక్టరు చెప్పినప్పుడు ఏ తల్లీ ఓ పట్టాన నమ్మదు. మా ఇంట్లో ఎవరికీ లేదే అంటుంది. వాడు స్వీట్లే తినడే అంటుంది. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్దామంటుంది.

ఈ నాలుగు మాటలూ అలాంటి ఇల్లాలి కోసమే. మీ ఇంట్లో ఈ బాధ లేకపోతే మరీ మంచిది. కానీ మీ ఆడపడుచు ఇంట్లోనో, పై వాటాలోనో, మీ అమ్మాయి క్లాసులోనో ఇలాంటి బిడ్డ ఉండొచ్చు. ఆ బిడ్డ మీ ఇంటికి ఆడుకోవడానికి వస్తే ఏం పెట్టాలో, ఏమైనా అయితే ఏం చెయ్యాలో తెలిసి ఉండటం మంచిది కదూ!

తల్లి తప్పేమీ లేదు

ముందుగా ఒక చిక్కుముడి విప్పుకుందాం. పెద్దవాళ్ళకి వచ్చే షుగరు వేరు, పిల్లలకి ఎక్కువగా వచ్చే షుగరు వేరు. పేరొక్కటే, జబ్బులు రెండు. మన పొట్టలో క్లోమం అనే గ్రంథి ఉంది. అందులోని కొన్ని కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయి. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోకి వచ్చాక, ఆ గ్లూకోజు ఒంట్లోని కణాల్లోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ అనే తాళంచెవి కావాలి. పెద్దవాళ్ళలో సాధారణంగా తాళంచెవి ఉంటుంది గానీ సరిగ్గా తిరగదు, లేదా చాలినంత ఉండదు. అందుకే మాత్రలతో, నడకతో చాలాకాలం నెట్టుకొస్తారు. పిల్లల్లో వచ్చే టైప్ వన్‌లో మాత్రం శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే పొరపడి ఆ కణాలను నాశనం చేసేస్తుంది. తాళంచెవే లేదు. ఇక మాత్ర ఏం చేస్తుంది? ఇన్సులిన్ బయటి నుంచి ఇవ్వవలసిందే. అన్నట్టు, ఇది పిల్లలకే పరిమితం కాదు, పాతికేళ్ళకీ, నలభై ఏళ్ళకీ కూడా రావచ్చు.

స్వీట్లు తింటే వచ్చే జబ్బు కాదిది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి మామిడిపళ్ళు తిన్నందుకు వచ్చేది అసలే కాదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే “మా వంశంలో లేదు, మీ పుట్టింటి నుంచే వచ్చింది” అనే అత్తగార్లకి ఈ పేరా చదివి వినిపించండి. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో అంతకుముందు ఎవరికీ ఉండదు.

1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్‌ను వెలికి తీశారు. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలకి కడుపు మాడ్చడం ఒక్కటే వైద్యం. కొన్నాళ్ళు ఆయుష్షు సాగేది, అంతే. బాంటింగ్ పుట్టినరోజైన నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినంగా జరుపుకుంటున్నారు. మనకి అది బాలల దినోత్సవం కూడా!

ఈ గుర్తులు కనబడితే...

మానేసిన పిల్ల మళ్ళీ పక్క తడపడం మొదలుపెట్టిందా? రాత్రి లేచి చెంబుడు నీళ్ళు తాగుతోందా? మాటిమాటికీ బాత్‌రూముకి పరిగెడుతోందా? ఆవురావురుమని తింటూనే చిక్కిపోతోందా? గౌను వదులవుతోందా? పల్లెటూళ్ళలో పెద్దవాళ్ళు మూత్రం పోసినచోట చీమలు పట్టడం చూసి పసిగట్టేవారు. “ఎండాకాలం కదా, దాహం వేస్తోంది”, “పొడుగు పెరుగుతోంది కదా, సన్నబడింది” అని మనం సరిపెట్టుకుంటాం. అక్కడే ఆలస్యం జరిగిపోతుంది.

ఇన్సులిన్ లేక శరీరం కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడితే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుంటాయి. అప్పుడు కడుపునొప్పి, వాంతులు, పండిన పళ్ళవాసన లాంటి ఊపిరి, ఆయాసం, మగత. ఈ దశలో చూసినవాళ్ళు అజీర్తి అనో, ఉబ్బసం అనో పొరపడే అవకాశం ఉంది. కాబట్టి పైన చెప్పిన గుర్తులున్న పిల్లని ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినా, “ఒకసారి షుగరు చూడండి డాక్టరుగారూ” అని మీరే అడగండి. వేలి మీద ఒక్క బొట్టు చాలు, నిమిషంలో తేలిపోతుంది. అడగడానికి మొహమాటపడకండి. ఈ ఒక్క పరీక్ష ఆలస్యమైనందుకే ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లలున్నారు.

సీసా, సిరంజి, కుండ

ఇన్సులిన్ మొదలుపెట్టాక మొదటి పదిహేను రోజులూ అందరికీ కష్టమే. పిల్ల ఏడుస్తుంది, తండ్రి పక్కగదిలోకి వెళ్ళిపోతాడు, సిరంజి పట్టుకున్న తల్లి చెయ్యి వణుకుతుంది. ఆ సూది చాలా సన్నం, పొట్టి. నొప్పి చీమ కుట్టినంతే. కావాలంటే ఉత్త సూదిని ముందు మీరే గుచ్చుకుని చూడండి, సగం భయం పోతుంది. దాన్ని మాత్రం తిరిగి పిల్లకి వాడకుండా పారెయ్యండి.

ఇక్కడ ఒక సంగతి మరీ మరీ చెప్పాలి. మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లున్నది ఒకటి, 100 యూనిట్లున్నది ఇంకొకటి. దేని సిరంజి దానిదే. 40 దానికి ఎర్రమూత సిరంజి, 100 దానికి నారింజ రంగు మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్రమూత సిరంజితో పది గీతల వరకూ లాగారనుకోండి, పిల్ల ఒంట్లోకి వెళ్ళేది పది యూనిట్లు కాదు, పాతిక! అటుదిటు అయితే పదికి బదులు నాలుగే వెళ్తాయి. షాపులో కుర్రాడు “ఏదైనా ఒకటేనమ్మా” అంటే ఒప్పుకోకండి. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ చూసుకున్నాకే డబ్బులివ్వండి. పెన్నులతో ఇచ్చే ఇన్సులిన్ వేరు, ఆ కార్ట్రిడ్జిలోంచి సిరంజితో లాగే ప్రయత్నం చెయ్యొద్దు.

పొట్ట, తొడలు, జబ్బల వెనక, పిరుదులు... ఇవీ సూది ఇచ్చే చోట్లు. నొప్పి లేదని పిల్లలు రోజూ ఒకే చోట చూపిస్తారు. అలా చేస్తే అక్కడ కొవ్వు గడ్డలా కట్టి, మందు సరిగ్గా ఒంటికి పట్టదు. బొడ్డు చుట్టూ వదిలేసి, ఒక గుచ్చుకి ఇంకో గుచ్చుకి రెండు వేళ్ళ ఎడం ఉండేలా మార్చుకుంటూ రావాలి. మబ్బుగా పాలలా ఉండే ఇన్సులిన్ అయితే సీసాని అరచేతుల మధ్య జంతికల పిండి ఉండ దొర్లించినట్టు మెల్లగా దొర్లించాలి, గిలకొట్టకూడదు. నీళ్ళలా ఉండే మందూ, మబ్బుగా ఉండే మందూ ఒకే సిరంజిలో కలపమని డాక్టరు చెబితే, ముందు నీళ్ళలా ఉన్నదే లాగాలి. మందు లోపలికి పోయాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు సూది తియ్యండి.

ఇక దాచడం సంగతి. వాడని సీసాలు ఫ్రిజ్జులో ఉండాలి గాని ఫ్రీజరులో కాదు. ఒకసారి గడ్డకట్టిందా, కరిగినా అది పనికిరాదు, పారెయ్యవలసిందే. వాడుతున్న సీసా మామూలు గదిలో నెలరోజుల దాకా ఉంటుంది, కానీ మామూలు గది అంటే మన మే నెల గది కాదు! రెంటచింతలలోనో, రామగుండంలోనో ఎండాకాలంలో ఇంట్లోనే వడగాలి కొడుతుంది. ఫ్రిజ్జు లేనివాళ్ళు, గంటల తరబడి కరెంటు పోయేచోట ఉన్నవాళ్ళు ఒక పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, దాన్లో మందు ఉంచి మూతపెట్టండి. నీడపట్టున, గాలి ఆడేచోట పెట్టి, ఇసుకని పొద్దునా సాయంత్రం తడపండి. ఫ్రిజ్జంత చల్లగా ఉండదు గాని ఎండ దెబ్బ తగలకుండా కాచుకుంటుంది. ఊళ్ళు వెళ్ళేటప్పుడు ఐసుముక్కల మధ్య నేరుగా పెట్టకండి. కారులో వదిలేసి పెళ్ళి విందుకి వెళ్ళకండి.

షుగరు చూసేముందు పిల్ల చేతులు సబ్బుతో కడిగి తుడవాలి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే మిషను మూడొందలు చూపిస్తుంది, మీ గుండె ఆగినంత పనవుతుంది. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. ఈ రోజుల్లో జబ్బకి అంటించే బిళ్ళ లాంటి సెన్సర్లు కూడా వచ్చాయి, పొద్దస్తమానం షుగరు చూపిస్తుంటాయి. కొనగలిగినవాళ్ళకి మంచివే. కొనలేనివాళ్ళు బెంగపడనక్కర్లేదు. రోజూ భోజనాల ముందు, పడుకునే ముందు చూసి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటే డాక్టరుకి ఆ పుస్తకమే కళ్ళు.

పళ్ళెంలో ఏముంది?

అసలు మన రాజ్యం ఇది! ఇక్కడ డాక్టరుకన్నా మనకే ఎక్కువ తెలియాలి.

మొదటి మాట. ఈ పిల్లలకి పథ్యం పేరుతో తిండి తగ్గించకూడదు. వాళ్ళు ఎదగాలి. పదేళ్ళలోపు పిల్లలకి ఒక మోటు లెక్క ఉంది: వెయ్యి కాలరీలు, దానికి వయసుకి వందల చొప్పున కలపాలి. ఆరేళ్ళ పిల్లకి 1600 అన్నమాట. తోటి పిల్లలు తినేంతా వీళ్ళూ తినాలి. తేడా అంతా ఏది, ఎంత, ఎప్పుడు అన్నదాంట్లోనే.

షుగరును ఎక్కువగా పెంచేవి పిండిపదార్థాలు. అన్నం, ఇడ్లీ, చపాతీ, బంగాళాదుంప, పళ్ళు, పాలు, పంచదార... అన్నిట్లోనూ అవి ఉన్నాయి. ఈ పూట ఎంత పిండిపదార్థం తింటోందో దానికి తగ్గట్టు ఇన్సులిన్ ఇవ్వాలి. ఉదాహరణకి, మీ పిల్లకి 15 గ్రాముల పిండిపదార్థానికి ఒక యూనిట్ అని డాక్టరు చెప్పారనుకోండి. 45 గ్రాములు తింటే మూడు యూనిట్లు. ఈ లెక్క ఒక్కో బిడ్డకి ఒక్కోలా ఉంటుంది, పక్కింటి పిల్ల లెక్క మీ పిల్లకి వాడకండి సుమా!

మరి అన్నంలో ఎంతుందో ఎలా తెలుస్తుంది? వండిన అన్నం వంద గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక మధ్యరకం పుల్కాలో సుమారు 15. గ్లాసుడు పాలల్లో, అంటే పావులీటరుకి కాస్త తక్కువలో, 12. ఇడ్లీ సంగతి మాత్రం అంకె చెప్పలేం. ఒక ఇంట్లో ఇడ్లీ రూపాయి బిళ్ళంత, ఇంకో ఇంట్లో సాసరంత! అందుకే వంటింట్లోకి ఒక చిన్న ఎలక్ట్రానిక్ తూకం కొనుక్కోండి. ఖరీదేమంత ఎక్కువ కాదు. ఇడ్లీకి ఎంత పిండి పోస్తారో, దాంట్లో బియ్యం రవ్వ ఎంతో ఒకసారి తూచి లెక్కగట్టి, అలమర తలుపుకి కాగితం అంటించండి. అన్నానికి ఎప్పుడూ ఒకే గిన్నె వాడండి. మూడు వారాలు తూస్తే చాలు, నాలుగో వారానికి మీ కన్నే తక్కెడవుతుంది. ఉప్పు చేత్తో వేసి సరిగ్గా సరిపెట్టే మనకి ఇదో లెక్కా?

“రాగులు, జొన్నలు, కొర్రలు ఎంతైనా తినొచ్చట కదండీ?” అని చాలామంది అడుగుతారు. తినొచ్చు, కానీ “ఎంతైనా” కాదు. వాటిలోనూ పిండిపదార్థం బియ్యానికి దగ్గరగానే ఉంటుంది. పీచు, ఖనిజాలు ఎక్కువ కాబట్టి మంచివే. అయితే రొట్టె చేసినప్పుడు ఒకలా ఉండే రాగి, మెత్తగా పిండి పట్టించి పల్చగా జావ కాస్తే గబగబా అరిగి షుగరును పరిగెత్తిస్తుంది. జావ తాగించి “ఆరోగ్యమే కదా” అని ఇన్సులిన్ లెక్క తప్పితే ఇబ్బందే. బెల్లం, తేనె, తాటిబెల్లం కూడా అంతే. పంచదారకి అక్కచెల్లెళ్ళు. షుగర్ ఫ్రీ అని రాసి ఉన్న బిస్కెట్టులో పంచదార లేకపోవచ్చు, మైదా మాత్రం ఉంది. ఆ డబ్బు పెట్టి రెండు గుడ్లు కొనడం నయం.

పళ్ళెంలో ముందు కూర, పప్పు, దోసకాయో కీరాయో నాలుగు ముక్కలు తిననిచ్చి తర్వాత అన్నంలోకి వస్తే షుగరు ఒక్కసారిగా లేవదు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు, సెనగలు, పల్లీలు ఏ పూటకా పూట ఏదో ఒకటి ఉండాలి. నెయ్యి కొద్దిగా వేసుకోవచ్చు. బిర్యానీ, పూరీలు, బజ్జీలు తిన్న రోజు మాత్రం జాగ్రత్త. నూనె వల్ల అరుగుదల నిదానమై, పడుకునేటప్పుడు బాగానే ఉన్న షుగరు అర్ధరాత్రి పెరుగుతుంది.

బడికి వెళ్ళే పిల్లకి పొద్దుటే మంచి టిఫిను మెంతికూర పెసరట్టు. గ్లాసుడు పెసలు రాత్రి నానబెట్టి, పొద్దున రెండు పచ్చిమిరపకాయలు, అల్లం ముక్క, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బండి. బియ్యం కలపొద్దు. సన్నగా తరిగిన గుప్పెడు మెంతాకు, ఉల్లిపాయ ముక్కలు పిండిలో కలిపి పల్చగా వేసి, అంచుల వెంట చెంచాడు నూనె వెయ్యండి. మెంతాకు చేదని మొహం తిప్పే పిల్లలకి సగం కొత్తిమీర కలపండి. పక్కన అల్లప్పచ్చడి వద్దు, దాన్లో బెల్లం పడుతుంది కదా, పల్లీ చట్నీ చాలు. పెసరట్టులో ఉప్మా మాత్రం పెట్టకండి, అది ఇంకో టిఫిను లెక్క! బడిలో ఇంటర్‌వెల్‌కి ఉడికించిన సెనగలు గానీ, అలసంద గుగ్గిళ్ళు గానీ డబ్బాలో పెట్టండి.

పొద్దునా రాత్రీ మాత్రమే ఇచ్చే పాతరకం మిశ్రమ ఇన్సులిన్ వాడే పిల్లలకి భోజనం గడియారం ప్రకారం జరగాలి, మధ్యలో చిరుతిండి తప్పకూడదు. రోజుకొకసారి దీర్ఘకాలం పనిచేసేదీ, ప్రతి భోజనానికీ ముందు త్వరగా పనిచేసేదీ ఇచ్చే పద్ధతిలో అయితే వేళలు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. మీ పిల్లది ఏ పద్ధతో, సూదికీ ముద్దకీ మధ్య ఎంతసేపు ఆగాలో డాక్టరుని అడిగి రాయించుకోండి. కొన్ని ఇన్సులిన్లకి అరగంట ఆగాలి, కొన్నిటికి పది నిమిషాలు చాలు. సూది ఇచ్చేశాక “కూర ఇంకా ఉడకలేదు, కాసేపు ఆగమ్మా” అనే పరిస్థితి రాకూడదు.

షుగరు పడిపోయిందంటే...

అందరూ పెరగడం గురించే భయపడతారు. ఇంట్లో చటుక్కున ప్రమాదం తెచ్చేది మాత్రం పడిపోవడమే. సూది ఇచ్చాక సరిగ్గా తినకపోయినా, ఎప్పటికన్నా ఎక్కువ ఆడినా షుగరు 70 కన్నా కిందికి దిగుతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, ఆకలి, తలనొప్పి, కారణం లేని ఏడుపు, కోపం. హోంవర్కు దగ్గర విసుక్కుంటోందని మీరు చెయ్యి చేసుకోబోయే క్షణంలో ఆ పిల్ల షుగరు 55 ఉండొచ్చు. అలాంటప్పుడు ముందు మిషను తియ్యండి. మిషను దగ్గర లేకపోతే పడిపోయిందనే అనుకుని తీపి ఇచ్చెయ్యండి.

మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, లేదా అంతే గ్లూకోజు పొడి. మరీ చిన్నపిల్లలకి అందులో సగం చాలు. పావుగంట ఆగి మళ్ళీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. సరయ్యాక, భోజనానికి ఇంకా చాలా టైముంటే రెండు బిస్కెట్లో, అరగ్లాసు పాలో ఇవ్వండి. చాకొలెట్టు, మైసూర్‌పాకు ఇలాంటప్పుడు పనికిరావు. వాటిలోని కొవ్వు తీపిని ఆలస్యంగా అందిస్తుంది. భయంతో గిన్నెడు పాయసం తినిపించేస్తే రెండు గంటల తర్వాత నాలుగొందలు చూడవలసి వస్తుంది.

స్పృహ తప్పినా, మూర్ఛ వచ్చినా నోట్లో ఏమీ పొయ్యకూడదు. చెంచాడు నీళ్ళు కూడా! ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి, డాక్టరు ముందుగా రాసిచ్చిన గ్లూకగాన్ ఇంజక్షను ఇంట్లో ఉంటే ఇచ్చి, లేకపోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చెయ్యండి.

సాయంత్రం బాగా ఆడిన రోజు రాత్రి నిద్రలో పడిపోవచ్చు. ఆ రోజు అలారం పెట్టుకుని రెండింటికో మూడింటికో ఒకసారి లేచి చూడండి. తలగడ చెమటతో తడిసినా, పిల్ల కలవరిస్తున్నా అనుమానించాలి. ఆ నిద్రలేని రాత్రులు తల్లి ఒక్కదాని పాలబడటం ఏం న్యాయం? నాన్నగారికీ మిషను వాడటం, సూది ఇవ్వడం వచ్చి తీరాలి. మీకు జ్వరం వస్తే పిల్ల సంగతేమిటి మరి?

జ్వరం వచ్చిన రోజు

చాలా ఇళ్ళలో జరిగే ఘోరం ఇది. పిల్లకి జ్వరం, వాంతులు. ఏమీ తినలేదు. “తినలేదు కదా, ఇన్సులిన్ ఎందుకులే” అని ఆ రోజు సూది మానేస్తారు. మానకూడదు! జబ్బు చేసినప్పుడు తిండి లేకపోయినా షుగరు పెరుగుతుంది, కీటోన్లూ పెరుగుతాయి. డోసు తగ్గించాలో పెంచాలో డాక్టరు ఫోనులో చెబుతారు గాని పూర్తిగా ఆపెయ్యడం మాత్రం ఎప్పుడూ లేదు. రెండు మూడు గంటలకోసారి షుగరు చూడాలి. 250 దాటితే మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పు వాడాలి. షుగరు ఎక్కువుంటే మంచినీళ్ళు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ. తక్కువుంటే గంజి, పంచదార కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా. వాంతులు ఆగకపోయినా, కీటోన్లు ఎక్కువున్నా, ఊపిరి భారంగా తీస్తున్నా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళిపోవాలి.

ఆకు పసరు పోస్తారట...

ఈ జబ్బు గురించి తెలిసిన మర్నాటి నుంచీ మన ఇంటికి సలహాలు వస్తాయి. ఫలానా ఊళ్ళో ఆకు పసరు పోస్తారట, నలభై రోజుల్లో ఇన్సులిన్ మానిపించేస్తారట! ఇందులో ఒక కిటుకుంది, తెలుసుకోండి. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకి చాలామంది పిల్లల్లో, మిగిలి ఉన్న కాసిని కణాలూ కాస్త తేరుకుని పనిచేస్తాయి. ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోతుంది. డాక్టర్లు దీనికి హనీమూన్ దశ అని పేరు పెట్టారు. కొన్ని నెలలుంటుంది, తర్వాత వెళ్ళిపోతుంది. సరిగ్గా అప్పుడే పసరు పోసినాయనకి పేరొస్తుంది! ఆ మాట నమ్మి ఇన్సులిన్ పూర్తిగా మానేసిన పిల్లలు కొద్దిరోజుల్లోనే కీటోన్లతో ఆసుపత్రి పాలవుతారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. కాకరకాయ కూర వండండి, మెంతులు పోపులో వెయ్యండి. మంచిదే. ఇన్సులిన్ స్థానంలో మాత్రం ఏదీ పెట్టకండి.

మరి జాగ్రత్తగా ఉంటే లాభమేమిటంటారా? 1993లో అమెరికా, కెనడాలలో 1,441 మంది టైప్ వన్ రోగుల మీద జరిపిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. షుగరును గట్టిగా అదుపులో ఉంచుకున్నవాళ్ళలో కళ్ళు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం బాగా తగ్గిందని తేలింది. అందుకే మూడు నెలలకోసారి హెచ్‌బీ ఏ1సీ పరీక్ష చేయిస్తారు. అది 7 లోపు ఉంటే మేలు. ఏడాదికోసారి కళ్ళు, మూత్రం, థైరాయిడ్ ఎప్పుడు చూపించాలో డాక్టరు చెబుతారు.

బడి, పండగ, పెళ్ళిమాట

బడిలో దాచిపెట్టకండి. క్లాసు టీచరుకి, ఆటల మాస్టారుకి, పక్కన కూర్చునే స్నేహితురాలికి తెలిసి ఉండాలి. పిల్ల సంచీలో గ్లూకోజు పొట్లం, మీ ఫోను నంబరు, షుగరు పడిపోతే ఏం చెయ్యాలో రాసిన కాగితం ఎప్పుడూ ఉండాలి. క్లాసు మధ్యలో తినాలన్నా, బాత్‌రూముకి వెళ్ళాలన్నా అడ్డు చెప్పొద్దని టీచరుగారిని మర్యాదగానే గట్టిగా అడగండి. 2017లో సి.బి.ఎస్.ఇ. వారు టైప్ వన్ ఉన్న విద్యార్థులు బోర్డు పరీక్షల హాల్లోకి తినుబండారాలు తీసుకెళ్ళడానికి అనుమతిచ్చారు. మీ పిల్ల చదివేది వేరే బోర్డు అయితే పరీక్షలకి ముందే హెడ్‌మాస్టరుగారితో మాట్లాడి రాతపూర్వకంగా అడగండి.

పండగపూట అందరూ అరిసెలు తింటుంటే ఈ పిల్లని పెరట్లోకి పంపెయ్యకండి. భోజనంతో పాటు ఒక అరిసె, దాని లెక్కకి తగ్గ ఇన్సులిన్... తప్పేం లేదు. పూర్తిగా కట్టడి చేస్తే దొంగతనంగా తింటుంది. దొంగతనంగా తిన్నదానికి లెక్క ఉండదు, ఇన్సులినూ ఉండదు. తోబుట్టువులకి వేరేగా, చాటుగా స్వీట్లు పెట్టడం కూడా మంచిది కాదు. అందరికీ ఒకటే వంట. నిజానికి ఈ పిల్ల తినవలసిన తిండే ఇంటిల్లిపాదికీ మంచిది. ఉపవాసాలు మాత్రం ఈ పిల్లలకి వద్దు, దేవుడేమీ అనుకోడు.

ఆడపిల్ల అయితే ఇంకో బెంగ. “బయటికి చెప్పకండి, రేపు పెళ్ళి కాదు” అంటారు పెద్దవాళ్ళు. దాచాలనుకుంటే పిల్ల బడిలో సూది మానేస్తుంది, చుట్టాలింట్లో బాత్‌రూములో దాక్కుని వేసుకుంటుంది. దాచి పెళ్ళి చేస్తే అత్తవారింట్లోనూ అదే దొంగతనం. కొత్తకోడలు మందు మానేసి కాపురం చెయ్యగలదా? ముందే చెప్పండి. వద్దన్నవాళ్ళు వద్దంటారు, వాళ్ళు ముందే తెలియడం మంచిదే కదా! టైప్ వన్ ఉన్న ఆడవాళ్ళు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, పిల్లల్ని కంటున్నారు. గర్భం దాల్చకముందే షుగరు అదుపులోకి తెచ్చుకుని, డాక్టరు పర్యవేక్షణలో ఉంటే చాలు. ఎదిగే అమ్మాయిలకి బహిష్టుకి ముందు రోజుల్లో షుగరు పెరగడం మామూలు. ఏం తిన్నావని గద్దించకుండా, తేదీలు ఆ నోటుపుస్తకంలోనే రాసిపెట్టి డాక్టరుకి చూపించండి.

పదేళ్ళు దాటిన పిల్ల తన సూది తనే వేసుకోగలదు. నేర్పండి. కానీ నేర్పేశాం కదా అని వదిలెయ్యకండి, పక్కన నిలబడి డోసు మీరూ చూడండి.

చివరగా వాడేసిన సూదుల సంగతి. చెత్తబుట్టలో ఉత్తినే పారేస్తే మన పనిమనిషికో, మున్సిపాలిటీ చెత్త తీసుకెళ్ళే అమ్మాయికో గుచ్చుకుంటాయి. బట్టల సబ్బు ద్రవం వచ్చే దళసరి ప్లాస్టిక్ డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టి, పిల్లలకి అందనిచోట పెట్టండి. సూదులు, వేలికి గుచ్చే లాన్సెట్లు అన్నీ అందులోనే వెయ్యండి. ముప్పాతిక నిండాక మూత బిగించి, టేపు చుట్టి, మీరు చూపించుకునే ఆసుపత్రిలో ఇచ్చెయ్యండి. అక్కడ వాటిని కాల్చడానికీ, పూడ్చడానికీ వేరే ఏర్పాటు ఉంటుంది.